నాన్న కేక వినపడలేదు

మొన్న నాన్న స్నానాల గదిలో కాలు జారి కూలబడ్డారు. దెబ్బ పెద్దదేం కాదు, మోకాలు బెణికింది. కానీ లేవలేక పావుగంట సేపు నన్ను పిలుస్తూనే ఉన్నారట. నేనేమో పదడుగుల దూరంలో, చెవుల్లో రొదని మింగేసే ఇయర్‌ఫోన్లు దోపుకుని, క్లయింటుతో డేటాబేస్ గురించి వాదిస్తున్నాను. "ఒరే, నీక్కూడా నాలాగే చెముడొచ్చిందనుకున్నాన్రా" అన్నారు తర్వాత. ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో పనిచేసి, వినికిడి సగం అక్కడే వదిలేసి వచ్చిన మనిషాయన. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ కూర్చున్నాను.

అసలు వీటిని కొన్నదే మా పేట ధర్మమా అని. పాయా లేబర్ అనగానే హైదరాబాదీ పాయా గుర్తొచ్చి నోరూరించుకోకండి. మలయ్ భాషలో వెడల్పాటి చిత్తడినేల అని అర్థం. సింగపూరు అంతర్జాతీయ విమానాశ్రయం 1955లో లాంఛనంగా ప్రారంభమైంది ఇక్కడే. 1977 డిసెంబరులో లండన్ నుంచి బహ్రెయిన్ మీదుగా కాంకార్డ్ వచ్చి వాలిందీ ఇక్కడే. మూడు ట్రిప్పులకే ఆ ముచ్చట తీరిపోయింది. ధ్వనివేగాన్ని మించి ఎగిరేటప్పుడు వచ్చే మోత మా నెత్తిన వద్దని మలేసియా అడ్డు చెప్పింది. దారి మార్చుకుని 1979లో మళ్ళీ మొదలెట్టి, 1980 నవంబరులో ఆపేశారు. 1981 జులై 1న ప్రయాణికుల విమానాలు చాంగీకి తరలిపోయాయి, ఈ రన్‌వే వైమానిక దళానికి మిగిలింది. 2030 నుంచి ఈ స్థావరాన్ని కూడా ఇక్కణ్ణుంచి తరలిస్తామని ప్రభుత్వం 2013లో చెప్పింది. అందాకా ఎఫ్-15లు లేచినప్పుడల్లా మీటింగులో నా మాట నాకే వినపడదు.

సరే, అసలు కథలోకి వద్దాం. చప్పుడుని చప్పుడుతోనే చంపొచ్చని 1933లో జర్మనీలో పేటెంటుకి దరఖాస్తు పెట్టినవాడు పాల్ లూగ్. 1936లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. ఆలోచన చూడ్డానికి చాలా సులువు. శబ్దం అంటే గాలిలో అల. ఆ అల ఎత్తుగా ఉన్నచోట పల్లం, పల్లంగా ఉన్నచోట ఎత్తు ఉండే ఇంకో అలని సరిగ్గా అదే క్షణంలో వదిలితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ "సరిగ్గా అదే క్షణం" దగ్గరే వచ్చింది చిక్కు. వాల్వు రేడియోల కాలంలో అంత కచ్చితత్వం ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇప్పటికీ ఇబ్బంది పూర్తిగా పోలేదు. 100 హెర్ట్జ్ ఇంజను హోరుకి అల పొడవు సుమారు మూడున్నర మీటర్లు కాబట్టి తీరిగ్గా పట్టుకోవచ్చు. 3000 హెర్ట్జ్ దగ్గర అది పదకొండు సెంటీమీటర్లే, చిప్ రవంత ఆలస్యం చేసినా గురి తప్పుతుంది. అందుకే ఏసీ హోరు మాయమవుతుంది కానీ పక్కింటి పిల్లాడి ఏడుపు పూర్తిగా పోదు. మరి నాన్న కేక? అది నా చెవులకి బిగించిన రబ్బరు బిరడాల పుణ్యం, పైగా క్లయింటు గొంతు.

1950లలో ఈ పని లారెన్స్ ఫోగెల్ అనే అమెరికన్ చేతికొచ్చింది. కాక్‌పిట్ రొదలో పైలట్ల కోసం ఆయన 1954లో దరఖాస్తు చేసిన పేటెంటు శీర్షిక చూసి కాసేపు ఆగిపోయాను. చుట్టూ మోత ఉన్నచోట చెప్పింది బాగా తెలిసేలా చేసే సాధనం అని దాని భావం. అంటే చెవులు మూసుకోవడానికి కాదు, అవతలి మనిషి మాట వినడానికి.

ఆ తర్వాత అమర్ బోస్. తండ్రి నోనీ గోపాల్ బోస్ తెల్లవాళ్ళ జైలు చూసి, అమెరికా చేరుకున్న బెంగాలీ విప్లవకారుడు. కొడుకు 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, కుర్రతనంలోనే రేడియోలు బాగుచేసి ఇల్లు గడవడానికి సాయపడ్డాడు, ఎంఐటీలో ప్రొఫెసరయ్యాడు. 1978లో యూరప్ నుంచి బోస్టన్ తిరిగొస్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఇంజను మోతే తప్ప పాట వినపడలేదు. దిగేలోపే లెక్కలు వేసేశాడట. (నేనైతే ఆ టైములో రెండో ట్రే అడుగుతుంటాను.) 1986 డిసెంబరులో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టొచ్చిన వాయేజర్ విమానంలో ఇద్దరు పైలట్లకీ ఆయన కంపెనీ నమూనా హెడ్‌సెట్లు ఇచ్చారు. అన్ని రోజులు ఆ ఇంజను మోతలో కూర్చుంటే చెవులు పోతాయన్న భయం ఉండేది. 1989లో పైలట్లకి, 2000లో మామూలు ప్రయాణికులకి అమ్మకానికొచ్చాయి. నాన్న మిల్లులో ఉన్న రోజుల్లోనే అమెరికాలో పైలట్ల చెవుల కోసం ఇంత జరిగింది. మిల్లులో దూదైనా ఇచ్చినవాడు లేడు.

తీగ తెగ్గొట్టిన కథ వేరే. 1994లో స్వీడన్‌లో ఎరిక్సన్ ఇంజనీర్లు మొదలెట్టిన బ్లూటూత్, 1998లో ఐదు కంపెనీల ఉమ్మడి కాపురమైంది. పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజుది. పాట వినేటప్పుడు ఒక పద్ధతి, మైకు తెరిచి మాట్లాడేటప్పుడు ఇంకో పద్ధతి. అందుకే చాలా ఇయర్‌ఫోన్లలో మీటింగు మొదలవగానే ఘంటసాల గొంతు కూడా డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. వస్తువు పాడైందనుకుని కంగారుపడకండి.

మర్నాడు యాప్ తెరిచి సెట్టింగులన్నీ మార్చాను. చెవిలో పెట్టగానే రొద తుడిచేసే మోడ్ కాకుండా బయటి శబ్దాన్ని లోపలికి పంపే మోడ్ వచ్చేలా పెట్టాను. ఎడమదాన్ని నొక్కిపడితేనే నిశ్శబ్దం. ఇంట్లో నాన్న ఉన్నంతకాలం మీటింగులకి ఒక్క చెవే. అదే మైకు, అదే చిప్, పని మాత్రం తిరగబడింది. ఈ దారినే ఇంకాస్త ముందుకెళ్ళి, ఎయిర్‌పాడ్స్ ప్రోని వినికిడి యంత్రంగా వాడే సాఫ్ట్‌వేరుకి 2024 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు లోపం ఉన్న పెద్దవాళ్ళకే. నాన్నది ఏ రకమో తెలియాలంటే పరీక్ష చేయించాలి, వచ్చే వారానికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను.

ఈలోగా నావే ఆయన చెవుల్లో పెట్టి, బయటి శబ్దం మీటని చివరిదాకా జరిపి, భోజనానికి కూర్చోబెట్టాను. ఓ ముద్ద తిన్నారు, అప్పడం కొరికారు, ఉలిక్కిపడి రెండూ ఊడదీసి బల్లమీద పెట్టేశారు.

"ఇదేంట్రా, అప్పడం నమిలితే మళ్ళీ మిల్లులో ఉన్నట్టుంది!"