వెట్టియు శుశ్రూషయు

"విధేయత" యను మాట వినినంతనే సంస్కారాభిలాషులైన మన చదువరులకు గొంత జంకు కలుగుట సహజము. ఎనిమిదేండ్ల పిల్లకు పుస్తె గట్టించినదియు, వితంతువును మూలగదిలో గూర్చుండబెట్టినదియు, అంటరానివాని నూరివెలుపల నిలిపినదియు నీ విధేయతయే గదా! పెద్దలు చెప్పిరి, పిన్నలు చేసిరి. కావున నొక మతము విధేయతను పుణ్యముగా బోధించుచున్నదన్నచో, ఆ బోధ యెవరికి మేలు చేసెనో విచారింపక తలయూపుట తగదు. క్రైస్తవబోధలో విధేయతయు బొరుగువారి సేవయు జంటగా వచ్చును. ఆ జంట తెలుగునాట నెట్లు వర్తిల్లెనో పరీక్షింప గోరువారికి ఖమ్మము, భద్రాచలముల నడిమి యడవిపొలిమేరకంటె దగిన చోటు లేదని మా యభిప్రాయము.

ముందుగా మాటను గూర్చి యొక మాట. తల్లి "వీడు నా మాట వినడు" అన్నప్పుడు బిడ్డ చెవిటివాడని కాదు. తెలుగున విధేయత యనగా వినుటయే. సంస్కృతమున శ్రుధాతువునుండి పుట్టిన "శుశ్రూష" కు వినగోరుట యని మొదటి యర్థము. లోకమున నదియే సేవ యను నర్థమున స్థిరపడినది. ఇంగ్లీషున విధేయతను దెలుపు మాటకు మూలమైన లాటిను క్రియలోను వినుటయే యున్నది. ఇన్ని భాషలు కూడబలుకుకొనినట్లు చెవినే పట్టుకొనుట వింతగా నున్నది. దీనికి సరిగా నెదురైన మాట యొకటి తెలంగాణమువారికి దెలియును: వెట్టి. వెట్టివానికి వినగోరుట లేదు. కేక వినబడును, పోవలెను. అంతియే.

నైజాము రాజ్యమున ఖమ్మము ప్రాంతమెల్ల వరంగల్లు జిల్లాలోనిది. ప్రత్యేకజిల్లా యగుట 1953లో. ఆ పల్లెలలో పటేలు పట్వారీలకును, దొరలకును, దౌరాకు వచ్చిన యధికారులకును మాలలు మూటలు మోసిరి, దారి చూపుచు బండ్లముందు పరుగెత్తిరి. మాదిగలు చెప్పులు, మోటతోళ్లు ఊరక కుట్టి యిచ్చిరి. చాకలి, కుమ్మరి మొదలగువారికిని దప్పలేదు. 1930లో మొదలిడిన ఆంధ్రమహాసభ వెట్టి నెదిరించి యేండ్ల తరబడి పోరాడవలసివచ్చెను. ఇట్టి చోట వెట్టివానికి విధేయత నేర్పుట యనగా చేపకు నీట మునుగుట నేర్పినట్లే గదా యని యెవరైన నడుగవచ్చును.

గోదావరి కెడమదరిని, భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెమున్నది. ఈ తాలూకా 1860లో నైజామునుండి యింగ్లీషువారి వశమై, మధ్యపరగణాలలో గొన్నాళ్లుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో గలిసెను. ఆర్థరు కాటను దొర తలపెట్టిన యెగువ గోదావరి నౌకామార్గమునకై దుమ్ముగూడెమున ఆనకట్టపని సాగుచుండగా, అందు ఇంజనీరుగా నున్న హేగు దొర చుట్టుపట్ల కోయలను జూచెను. ఆయన కచేరిలో నుద్యోగియైన వెంకట్రామరాజు క్రైస్తవుడై, సర్కారు కొలువు విడిచి, కోయల నడుమ బోధకుడై నిలిచెను. తరువాత గురుపట్టమును బొందెను. భద్రాచలమువారి కిట్టి కథ పూర్తిగ గ్రొత్తది కాదు. సర్కారు పైకముతో రాముని గుడి కట్టించి గోలకొండ చెరకు బోయినట్లు చెప్పబడు తహసీలుదారు కంచెర్ల గోపన్న వారి వాడే. ఇద్దరు ప్రభువుల మాట వినవలసివచ్చిన యుద్యోగి తుద కెవరి మాట వినునో వారు మూడువందల యేండ్లుగా బాడుకొనుచున్నారు.

నౌకామార్గము 1871లో మూలబడెను. పని ముగిసెనని సర్కారువారు లేచిపోయిరి. మన్యపు జ్వరములు మాత్రము పోలేదు. బోధకులును బోలేదు. ఆ దశాబ్దిలో వచ్చిన జాన్ కెయిను చేసిన పనిలో మాకు నచ్చినది బోధకంటె ముందుగా వినుట. కోయల పెండ్లిండ్లు, చావులు, వేల్పులు, ఆచారములు విని వ్రాసికొని, భద్రాచలము రేకపల్లి తాలూకాలను గూర్చి "ఇండియన్ ఆంటిక్వరీ" పత్రికలో 1876 మొదలు వ్యాసములు ప్రకటించెను. ఆ శతాబ్దము ముగియకమున్నె లూకా సువార్త కోయభాషలోనికి వచ్చెను. వేలయేండ్లుగా బొరుగున నున్న మన పండితులలో నా భాష నేర్చుకొనవలె నని తోచినవారెందరు? 1879లో రంప పితూరీ రేకపల్లి వఱకు బ్రాకెను. పోడు సేద్యముపై గ్రొత్త యడవిచట్టములు తెచ్చిన కష్టమే యచ్చట దానికి ముఖ్యకారణము. చట్టము చేసినవారు కోయలను విధేయులుగ నుండుడనిరి గాని, వారి మాట వినలేదు.

కోయలలో మాత్రము క్రైస్తవులైనవారు కొలదిమందియే. మతము వ్యాపించినది నది కీవల, డోర్నకలు చుట్టునున్న మాల మాదిగ పల్లెలలో. అదియు దెల్లదొరలవలన గాదు. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో నొక సంఘమును స్థాపించుకొనిరి. సొమ్ము, మనుష్యులు, నిర్వహణము మూడును భారతీయములుగ నుండవలెనని వారి నియమము. దానికి మూలపురుషులలో నొకడు వేదనాయకము సామ్యూలు అజరయ్య. 1902లో యాళ్పాణమునకు బోయి, అచ్చటి తమిళులు తమ బోధకులను దూరదేశములకు బంపుచుండుట చూచి సిగ్గుపడి యీ పని కుద్యుక్తుడయ్యె నందురు. ఆ సంఘము తన సేవాక్షేత్రముగా డోర్నకలు నెన్నుకొనెను. కొన్నియేండ్లు ఇతరులను "పొండు, పొండు" అని ప్రోత్సహించిన అజరయ్య, 1909లో క్రైస్తవ యువజన సంఘమున దనకున్న కార్యదర్శిపదవిని విడిచి తానే వచ్చెను. అప్పటికి 35 ఏండ్లకు దగ్గఱపడినవాడు. బస డేరాలో. నాలుకకు దిరుగని తెలుగును గ్రొత్తగ నేర్చుకొనవలెను. 1912 డిసెంబరు 29న గలకత్తాలో నాయన డోర్నకలు బిషప్పుగా నభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున నా పదవి నొందిన మొదటి భారతీయు డతడే. భారతీయుని క్రింద మేమెట్లు పనిచేయుదుమని సణిగిన తెల్ల బోధకులు లేకపోలేదు. విధేయతను జీవితమంతయు బోధించినవారికి దాని వంతు తమకు వచ్చినప్పుడు అది చేదైనది!

అజరయ్య యెద్దుబండిపై నూరూర దిరిగెను. బాప్తిస్మమున దన చేతులు తన తలపై నుంచుకొని, ఇకమీద సువార్త చాటకున్న నాకు శ్రమ యని ప్రతివాడును బలుకవలెనని యాయన యేర్పాటు. చదువురాని కూలివానికిని మినహాయింపు లేదు. ఇదియు నొక యాజ్ఞయే గదా యనవచ్చును. ఔను, ఆయన మెత్తని యధికారి కాడు. కాని పుట్టినది మొదలు మూటలు మోయుటకు దప్ప పనికిరాడనిపించుకొన్నవానిని "నీ నోటిమాటకు విలువ కలదు, నీవు చెప్పకున్న లోటు" అని యెవ రంతకుముం దనిరి? మురికి, రోగము, అప్పు, త్రాగుడు: ఈ నాలుగును దయ్యములని వాని నెల్ల వెళ్లగొట్టుటయు సేవలోనిదే యని యాయన చెప్పెను. పల్లెకొక యుపాధ్యాయుడు భార్యతో గూడ వచ్చి, కూలిపనులు ముగిసిన పిమ్మట దీపముపెట్టి చదువు చెప్పెను. డోర్నకలు పాఠశాలలో నట్టి దంపతు లిరువురును విద్యార్థులే. మట్టిపనియు సేద్యమును వారికి బాఠములే. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు, భార్యను గూడ బడికి బంపిన యీ యేర్పాటు మిక్కిలి యాదరణీయముగ దోచును.

పిడికెడు బియ్యమును మఱువరాదు. వంటకు ముందు గృహిణి ప్రతిదినమును బిడికెడు బియ్యము వేఱుగ దీసి కుండలో వేసి, ఆదివారము గుడికి దెచ్చెడిది. పేదలయొద్ద వసూళ్లా యని మొదట మాకును వెగటు కలిగినది. కాని యా యింటినుండి కోడిని, కట్టెలను, తోలును, కాయకష్టమును దీసికొనిపోయినవారే గాని, "నీవిమ్ము" అని గౌరవముగ నడిగినవారు లేరు. ఇచ్చుట స్వామ్యమునకు గుఱుతు. తనదనునది లేనివా డియ్యలేడు.

దీని ఫలము దొరలకు దొందరలోనే తెలిసినది. తెలుగునాట బెక్కుచోట్ల క్రైస్తవులైన మాదిగలు దేవర జాతరలకు డప్పు కొట్టమనిరి. ఆదివారము పనికి రామనిరి. దెబ్బలు తినిరి, కూలి పోగొట్టుకొనిరి. ఒకరి మాట వినుట నేర్చినవాడు మఱియొకరి మాట కాదనుటయు నేర్చును. "రాను" అనుట కవకాశమున్నపుడే "వత్తును" అనుటకు విలువ.

1936, 37 సంవత్సరములలో గాంధిగారు సామూహిక మతాంతరములను దీవ్రముగ నాక్షేపించిరి. అజరయ్య యంగీకరింపలేదు. అట్లని యాయన జాతీయతను శంకింపరాదు. 1932లో మతమును బట్టి నియోజకవర్గములు పంచినపుడు తనవారికి వేఱుభాగము వలదన్నవాడు. హరిజనుడు తన మేలు దాను గ్రహింపలేడను తలంపు గాంధిగారి యాక్షేపణలో గొంత దాగియున్నదని మా యభిప్రాయము. కూలివాడు గుడి యెన్నుకొనుట తెలియనివాడైనచో, వోటెట్లు తెలియును?

అయినను డోర్నకలు కథను గెలుపుగ మాత్రమే చెప్పుట యన్యాయము. 1939 జనవరిలో బ్రతిష్ఠింపబడిన యా పెద్దగుడిలో మండపస్తంభములు దేవాలయమును, గుమ్మటములు మసీదును దలపించును. రాళ్లలో గలిసిన జాతులు మనుష్యులలో నంత తొందరగ గలియలేదు. మాల మాదిగల పంతము బాప్తిస్మపు నీటిలో గరగక గుడిలోనికిని వచ్చెను. ఒకే రొట్టె, ఒకే గిన్నె యని అజరయ్య పట్టుబట్టెను. పల్లెకు బోయిన పిమ్మట మాలలు మాలల వాడకును, మాదిగలు మాదిగల వాడకును బోయిరి. పిల్ల నిచ్చి పుచ్చుకొనుటకు మాత్రము మాట వినినవా రఱుదు. ఆయన 1945 జనవరి 1న మరణించి డోర్నకలుననే సమాధిగతుడయ్యెను. ఆయన పాతికయేండ్లు పాటుపడిన దక్షిణభారత సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న సిద్ధించెను; ఆంగ్లికనులు, మెథడిస్టులు, తక్కిన శాఖలవారును నొకటైరి. వాడలు రెండుగానే యుండెను.