మడత లేని కనురెప్పకు స్మోకీ ఐ అలంకరణ

స్మోకీ ఐ ముదురు రంగుతో చేసే కంటి అలంకరణ. రెప్పవెంట్రుకల మొదళ్ల దగ్గర చిక్కగా మొదలైన రంగు పైకి పోయేకొద్దీ పలచబడి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా చర్మంలో కలిసిపోతుంది. నలుపు, బొగ్గు రంగు, ముదురు గోధుమ రంగు దీనికి ఎక్కువగా వాడతారు. చైనా, కొరియా, జపాన్‌లలోనూ ఆగ్నేయాసియాలో చాలాచోట్లా, మన దేశంలో మణిపూర్, నాగాలాండ్, మిజోరం, అరుణాచల్ ప్రదేశ్ ప్రజల్లోనూ పైరెప్ప మీద మడత లేని కళ్లు, మడత బాగా కిందికి ఉన్న కళ్లు తరచుగా కనిపిస్తాయి. అటువంటి కళ్లకు ఈ అలంకరణ చేసే తీరు ఈ వ్యాస విషయం. ఐరోపా ముఖాలను దృష్టిలో పెట్టుకుని రూపొందిన పద్ధతిని ఈ కళ్ల మీద యథాతథంగా అమలు చేస్తే, కన్ను మూసినప్పుడు అందంగా కనిపించిన రంగు తెరవగానే మాయమవుతుంది. అలాంటప్పుడు కంటిని మార్చాలని చూడడం కన్నా పద్ధతిని మార్చుకోవడం మేలు.

రెప్ప నిర్మాణం

పైరెప్పను ఎత్తే కండరాన్ని లెవేటర్ అంటారు. దాని కొసన ఉండే పలుచని పొర నుంచి సన్నని నారలు చర్మానికి అతుక్కుని ఉంటే, కన్ను తెరిచినప్పుడు ఆ చోట చర్మం లోపలికి ముడుచుకుని మడత ఏర్పడుతుంది. మడత లేని రెప్పలో ఆ అతుకు ఉండదు, లేదా బాగా కిందికి ఉంటుంది. కనుగుడ్డు చుట్టూ ఉండే కొవ్వు కూడా రెప్పలో మరింత కిందిదాకా దిగి ఉంటుంది. అందువల్ల రెప్ప నున్నగా, నిండుగా కనిపిస్తుంది. చాలామందిలో ముక్కువైపు కొసను కప్పుతూ చర్మపు పొర ఒకటి ఉంటుంది. వైద్యులు దాన్ని ఎపికాంథల్ ఫోల్డ్ అంటారు. కనుబొమ్మ కింది ఎముక అంతగా ముందుకు పొడుచుకు రాదు కాబట్టి కంటిగూడు లోతు కూడా తక్కువే.

ఈ చివరి విషయం అలంకరణకు చాలా ముఖ్యం. పాశ్చాత్య పద్ధతిలో కంటిగూడు లోతులో సహజంగా పడే నీడనే రంగుతో ఇంకాస్త ముదురు చేస్తారు. లోతే లేని చోట అదే రంగు అద్దితే నీడలా అనిపించదు, మరకలా మిగిలిపోతుంది.

మడత లేని కళ్లన్నీ ఒక్కలాంటివి కావు. మడత అసలే లేని కంటిని కొరియన్లు ముస్సాంగ్ అని, సన్నని మడత లోపలికి దాగి ఉన్నదాన్ని సోక్సాంగ్ అని పిలుస్తారు. జపనీయులు హితోయె, ఒకుబుతాయె అంటారు. సోక్సాంగ్ కంటికి గీసిన లైనర్ మడత కింద నలిగి పైచర్మానికి అంటుకుంటుంది. ముస్సాంగ్ కంటిలో గీత మీదికి రెప్ప చర్మమే వాలి దాన్ని కప్పేస్తుంది. రెండు చోట్లా గీత కనిపించకుండా పోతుంది కానీ కారణాలు వేరు, అందుకే చేయవలసిన సవరణ కూడా వేరు. ఒకే మనిషికి ఒక కంట మడత ఉండి మరో కంట లేకపోవడమూ అరుదు కాదు.

చరిత్ర

కంటిని నలుపుతో చుట్టడం ప్రాచీన ఈజిప్టు నాటి అలవాటు. అక్కడ సీసపు ఖనిజమైన గెలీనాను నూరి కళ్లకు పెట్టుకునేవారు. మన కాటుక దారి వేరు: ఆముదపు దీపం మసిని పట్టి, ఆముదమో నెయ్యో కలిపి చేసుకున్నాం. తూర్పు ఆసియాలో సంప్రదాయ అలంకరణ ఎరుపు వైపు మొగ్గింది. జపాన్‌లో కబుకి నాటక నటులూ, గెయిషా శిక్షణలో ఉండే క్యోటో మైకోలూ కంటి బయటి కొసన ఎర్ర రంగు అద్దుతారు. నల్లని పొగలాంటి కన్ను ఆ సంప్రదాయంలోంచి పుట్టింది కాదు.

దానికి ఆధునిక రూపం ఇచ్చింది అమెరికా మూకీ సినిమా. 1917లో వచ్చిన ‘క్లియోపాత్రా’లో థీడా బారా కళ్ల చుట్టూ దట్టంగా నలుపు పూసుకుని కనిపించింది. 1922లో టుటంఖామున్ సమాధి బయటపడ్డాక ఈజిప్టు మోజు ఫ్యాషన్‌ను ముంచెత్తి, ఇరవయ్యో దశకపు అమ్మాయిల కళ్లు మరింత నల్లబడ్డాయి. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన చైనా సంతతి నటి అన్నా మే వాంగ్ అదే 1922లో ‘ద టోల్ ఆఫ్ ద సీ’ చిత్రంలో కథానాయికగా నటించింది. ఆమె అంతటి నటి అందుబాటులో ఉన్నా, 1937 నాటి ‘ద గుడ్ ఎర్త్’లో చైనా రైతు స్త్రీ పాత్రను ఐరోపా నటి లూయీజ్ రైనర్‌కు మేకప్ వేసి చేయించారు. తూర్పు ఆసియా కంటిని అనుకరించడానికి మేకప్ నేర్పు వెచ్చించిన పరిశ్రమ, ఆ కంటినే అందంగా దిద్దడంపై అంత శ్రద్ధ పెట్టలేదు. ఆ వెలితి చాలాకాలం కొనసాగింది.

మరోపక్క మడతను సృష్టించే ప్రయత్నాలు సాగాయి. 1896లో జపాన్ వైద్యుడు మికామో శస్త్రచికిత్సతో మడత ఏర్పరిచే విధానాన్ని ప్రకటించాడు. 1950లలో అమెరికన్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ కొరియాలో ఈ శస్త్రచికిత్సలు చేశాడు. నేడు దక్షిణ కొరియాలో ఇది అతి సాధారణమైన సౌందర్య శస్త్రచికిత్సల్లో ఒకటి. కత్తి వద్దనుకున్నవారికి రెప్పకు అంటించే టేపులు, జిగురులు దొరుకుతాయి. అయితే స్మోకీ ఐకి మడత అవసరమన్న భ్రమను పోగొట్టింది కూడా కొరియానే. బ్రౌన్ ఐడ్ గర్ల్స్ బృందంలోని గాయని గాయిన్ 2009లో ‘అబ్రకదబ్ర’ పాటతో జనంలోకి వచ్చినప్పుడు, మడత లేని ఆమె కంటికి వేసిన దట్టమైన స్మోకీ అలంకరణ ఆ పాటంత పేరు తెచ్చుకుంది. రెప్ప నున్నగా ఉండడం వల్లే అక్కడ రంగు ఏ ముడతా అడ్డు లేకుండా వెంట్రుకల నుంచి పైదాకా ఒకే పొరగా సాగింది. మడత ఉన్న కంటికి అది సాధ్యం కాదు.

వేసే పద్ధతి

ఈ పద్ధతికి మూలసూత్రం ఒక్కటే: కొలత తెరిచిన కంటిమీద తీసుకోవాలి. అద్దాన్ని కళ్లకు సమానమైన ఎత్తులో పెట్టి, గడ్డం ఎత్తకుండా, కనుబొమ్మలు పైకి లేపకుండా తిన్నగా చూడాలి. రంగు ఎంతవరకు కనిపించాలో అక్కడ గోధుమ రంగు పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోవాలి. కన్ను మూశాక ఆ చుక్క వెంట్రుకలకు ఎంత పైన ఉందో చూస్తే మొదటిసారి చేసేవాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. రంగు నింపవలసింది అక్కడిదాకా. అద్దకం మొత్తం మూసిన కంటిమీదే కానిచ్చి చివర్న ఒక్కసారి తెరిచి చూసుకునే అలవాటే ఎక్కువ అలంకరణలను చెడగొడుతుంది. ప్రతి పొర తర్వాతా కన్ను తెరిచి సరిచూసుకోవడం తప్పనిసరి.

రంగుకు ముందు రెప్పను సిద్ధం చేయాలి. మడత లేని రెప్ప కదిలినప్పుడల్లా తనమీద తానే రాసుకుంటుంది. చర్మపు జిడ్డు దానికి తోడైతే రెండు మూడు గంటల్లోనే లైనర్ పైకి అచ్చు గుద్దుకుంటుంది. ఐ ప్రైమర్‌ను వేలికొనతో పలచగా అద్ది, పైన రంగులేని పౌడర్ చల్లితే ఇది చాలావరకు తగ్గుతుంది. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో పని చేసే మేకప్ కళాకారులకు ఈ మెట్టు దాటేసే వీలు లేదు. ముదురు పొడి చెక్కిళ్ల మీద రాలుతుంది కాబట్టి కళ్లు పూర్తయ్యాకే ముఖానికి ఫౌండేషన్ వేయడం మంచిది.

మొదటి రంగు పొడిగా కాక, కాటుక పెన్సిల్‌తోనో జెల్ లైనర్‌తోనో మొదలుపెడతారు. రెప్పను వేలితో కొద్దిగా పైకెత్తి, వెంట్రుకల మధ్య ఖాళీలను నింపుతూ మొదళ్ల వెంట రంగు పట్టించాలి. ఆ తర్వాత గీతను కొంచెం మందంగా వేసి, ఆరకముందే పొట్టి కుచ్చు బ్రష్‌తో పైఅంచును రుద్ది చెదరగొట్టాలి. గీత నిండుగా ఉండి పైఅంచు మాత్రం మసకబారాలి. సోక్సాంగ్ కంటికి ఈ మందం బయటి మూడోవంతులో మాత్రమే ఉంచి, నడుమ సన్నగా వదిలేస్తారు. లేకపోతే ఉన్న కాస్త మడతా నలుపులో మునిగిపోతుంది.

దీని మీద అదే రంగు పొడిని అద్దితే తడి పదార్థం ఎండి నిలబడుతుంది. తర్వాత ఒక మెట్టు లేతదైన రంగును దానికి పైన, ఇంకా లేతదాన్ని చుక్క దాకా వేసుకుంటూ పోవాలి. పాశ్చాత్య పద్ధతిలో ముదురు రంగు కంటి బయటి కొస నుంచి లోపలి కొసకు పలచబడుతుంది. ఇక్కడ కింది నుంచి పైకి పలచబడాలి. తేడా అంతా ఈ దిశ మార్పులో ఉంది. బ్రష్‌ను గట్టిగా నొక్కితే పొరలు కలిసి బూడిద మచ్చ అవుతుంది. పిడి చివర పట్టుకుని, చేయి తేలిక చేసి, సరిహద్దు మీద మాత్రమే చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. ప్రతి రెండు రంగుల మధ్యా రంగులేని శుభ్రమైన బ్రష్ ఒకటి నడిపితే ఆ సరిహద్దు చెరిగిపోతుంది.

కృత్రిమంగా మడత గీయడం ఒకప్పుడు బాగా నడిచిన పద్ధతి. రెప్ప నడుమ గోధుమ రంగు వంపు గీత గీసి, దాని కింద లేత రంగు నింపేవారు. వేదికకు, దూరపు కెమెరాకు అది పని చేస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మాత్రం గీత గీతలాగే కనిపించి, కన్ను ఆర్పినప్పుడల్లా బయటపడిపోతుంది. మడత లేకపోవడమే ఈ కంటికి అందం.

బయటి కొసన రంగు ఏ వాలున సాగాలో కిందిరెప్ప చెబుతుంది. కిందిరెప్ప అంచును కణత వైపు పొడిగించినట్టు ఊహించుకుని ఆ దారినే పోతే కన్ను పొడవుగా కనిపిస్తుంది. ఇప్పటికే పైకి లేచిన కొస ఉన్నవారు దాన్ని ఇంకా ఎత్తకుండా అడ్డంగా సాగదీయడం మేలు. ముక్కువైపు కొసను చర్మపు పొర కప్పి ఉంటుంది కాబట్టి అక్కడ దట్టమైన నలుపు పెడితే రెండు కళ్లూ దగ్గరగా జరిగినట్టు అవుతాయి. అక్కడ సన్నని మెరుపు అద్దడం, లేదా ఏమీ పెట్టకుండా వదిలేయడం నయం.

కిందిరెప్పను నిర్లక్ష్యం చేస్తే ఎంత బాగా దిద్దిన పైరెప్ప అయినా తేలిపోతుంది. బయటి మూడోవంతులో మధ్యస్థాయి రంగును వెంట్రుకల వెంట పలచగా నడిపి, పైరెప్ప రంగుతో కొస దగ్గర కలపాలి. కంటిని చుట్టూరా నల్లగా మూసేయడం జపాన్‌లో గ్యారు అనే యువతుల ఫ్యాషన్ రోజుల్లో విరివిగా సాగింది, కానీ పెద్ద వెంట్రుకలు అతికించుకోకపోతే కన్ను చిన్నబోతుంది. కొరియా అలంకరణలో కన్ను కిందనే నవ్వినప్పుడు ఉబ్బే సన్నని కండకు ఏగ్యో సాల్ అని పేరు. దానిమీద లేత మెరుపు ఉంచుతారు. పైన పొగ రంగు దట్టంగా ఉన్నప్పుడు ఈ వెలుగు కంటిని అలసిపోయినట్టు కనబడనీయదు.

రంగు, మెరుపు

మెరుపు లేని ముదురు రంగు చోటును వెనక్కి నెడుతుంది, మెరిసేది ముందుకు తెస్తుంది. నిండైన రెప్ప మొత్తం మెరుపు పులిమితే వాచినట్టు కనిపించడానికి కారణం ఇదే. మెరుపు కావాలనుకుంటే నల్లగుడ్డుకు సరిగ్గా పైన, వెంట్రుకలకు దగ్గరగా వేలికొనతో అద్దితే చాలు. తెల్లని ఛాయకు కటిక నలుపు కొట్టొచ్చినట్టుంటుంది కాబట్టి కొరియా, జపాన్‌లలో ముదురు గోధుమ రంగును ఎక్కువగా ఎంచుకుంటారు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటి చోట్ల కనిపించే చామనఛాయకు నలుపు, నేరేడు రంగు, రాగి రంగు బాగా నప్పుతాయి. చామనఛాయ మీద ఉత్త బూడిద రంగు చర్మాన్ని పాలిపోయినట్టు చూపిస్తుంది. అందులో గోధుమ రంగు కలపాలి. ఈ మాట తెలుగువారికీ వర్తిస్తుంది.

రెప్పవెంట్రుకలు

మడత లేని రెప్పలో చర్మం వెంట్రుకల మొదళ్ల మీదికి వాలి ఉంటుంది. అందుకే అవి వంపు లేకుండా తిన్నగా, తరచుగా కిందికి పెరుగుతాయి. వాటిని వంచకపోతే కంటిమీద సొంత నీడ పడి శ్రమంతా వృథా. వెంట్రుకలను వంచే యంత్రంతో మొదట మొదళ్ల దగ్గర, తర్వాత నడుమ, చివర కొసన మెల్లగా నొక్కితే వంపు విరిగినట్టు కాకుండా గుండ్రంగా వస్తుంది. వంపు అంతగా లేని కంటికి సరిపోయే యంత్రం ఎంచుకోవాలి. ఐరోపా కొలతలవి కొసల దగ్గర చర్మాన్ని గిల్లుతాయి. జపాన్ మేకప్ కళాకారుడు షు ఉయెమురా పేరుతో వచ్చిన యంత్రానికి మంచి పేరుంది. మస్కారా నీటికి చెదరని రకం వాడాలి. మామూలు మస్కారాలోని తడి వెంట్రుకను మెత్తబరిచి వంపును జార్చేస్తుంది.

కంటి భద్రత

రెప్ప లోపలి అంచున కన్నీటికి నూనె పొరను అందించే సన్నని గ్రంథుల రంధ్రాలు వరుసగా ఉంటాయి. పెన్సిల్‌ను అక్కడ పెడితే రేణువులు కంటి నీటిలోకి చేరతాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వెంట్రుకలకు బయట గీసినప్పటి కంటే లోపల గీసినప్పుడు రేణువులు త్వరగా, ఎక్కువగా కన్నీటి పొరలోకి చేరినట్టు గమనించారు. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు అలంకరణకు ముందే వాటిని పెట్టుకుని, లోపలి అంచును వదిలేయడం క్షేమం. మస్కారాను మూడు నెలలకు మించి వాడకూడదు, ఇంకొకరితో పంచుకోకూడదు. సాంప్రదాయ సుర్మాలో సీసం ఉండే అవకాశం ఉంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కోల్, కాజల్, సుర్మాలను సౌందర్య సాధనాల్లో రంగు పదార్థంగా అనుమతించదు.

తీసేటప్పుడు రుద్దడం వల్ల రెప్ప చర్మం సాగుతుంది. దూదిని నూనె ఆధారిత క్లెన్సర్‌లో తడిపి, మూసిన కంటిమీద కొన్ని క్షణాలు అలాగే ఉంచి, తర్వాత కిందికి ఒకేసారి తుడవాలి. షు ఉయెమురా 1967లోనే మేకప్ తీసే నూనెను జపాన్ మార్కెట్లోకి తెచ్చాడు. పలుచని పొరగా వెంట్రుకను చుట్టే రకం మస్కారా అయితే నూనె అక్కర్లేదు. నలభై డిగ్రీలకు దగ్గరి గోరువెచ్చని నీటికే ఆ పొర మెత్తబడి, చిన్న గొట్టాల్లా ఊడివస్తుంది.