విశాఖ-గన్నవరం ఆకాశంలో 290 కిలోమీటర్లు.. సీతంపేట నుంచి లెక్క వేరు

సీతంపేట: విశాఖపట్నం నుంచి విజయవాడకు విమానంలో గంట ప్రయాణమే. అయితే మన్యం వాసి ఇల్లు విడిచింది మొదలు విజయవాడ చేరే వరకు పట్టే సమయం దాదాపు ఎనిమిది గంటలు. కౌన్సెలింగులు, ఇంటర్వ్యూలు, అత్యవసర వైద్యం కోసం వెళ్లేవారు ఈ తేడాను ముందే గుర్తించడం అవసరం.

గాలిలో ఎంత?

విశాఖ, గన్నవరం విమానాశ్రయాల మధ్య సరళ రేఖలో దూరం సుమారు 290 కిలోమీటర్లు. వైమానిక పరిభాషలో ఇది 157 నాటికల్ మైళ్లు. రైలు, రోడ్డు మార్గాల్లో విశాఖ-విజయవాడ దూరం 350 కిలోమీటర్ల వరకు ఉంటుంది. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్ విమానానికి 290 కిలోమీటర్లకు 35 నిమిషాలు చాలు. రన్‌వే వరకు నడవడం, పైకి లేవడం, వేగం తగ్గించి దిగడం కలుపుకొని టికెట్‌పై గంట సమయం చూపుతారు.

విశాఖ-శంషాబాద్ గగన దూరం సుమారు 510 కిలోమీటర్లు. దూరం 220 కిలోమీటర్లు పెరిగినా, జెట్ విమానాల వేగం వల్ల ప్రయాణ సమయం పావుగంట, ఇరవై నిమిషాలకు మించి పెరగదు.

నేలపై ఎంత?

సీతంపేట నుంచి పాలకొండ, రాజాం, చిలకపాలెం మీదుగా విశాఖ విమానాశ్రయానికి 150 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కారులో మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. విమానం బయలుదేరడానికి రెండు గంటల ముందు చేరుకోవడం మేలు. చెక్-ఇన్ కౌంటర్లను సాధారణంగా గంట ముందే మూసివేస్తారు. గన్నవరంలో దిగాక సామాను తీసుకొని విజయవాడ నగరంలోకి చేరడానికి మరో గంటకు పైగా కావాలి. ఈ లెక్కన ఉదయం 10 గంటల విమానానికి తెల్లవారుజామున 4 గంటలకే సీతంపేటలో బయలుదేరాలి. వానాకాలంలో కొండ గ్రామాల వారు ముందు రోజే మైదానానికి దిగడం మంచిది.

రైలా? విమానమా?

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు సీతంపేట నుంచి సుమారు గంటన్నర ప్రయాణం. అక్కడ రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి విజయవాడ చేరవచ్చు. అందువల్ల విజయవాడకు విమానంతో కలిసివచ్చే సమయం స్వల్పమే. హైదరాబాద్‌కు రైలు విశాఖ నుంచే సుమారు 700 కిలోమీటర్లు తిరిగి వెళ్లాలి కనుక విమానంతో కొన్ని గంటలు ఆదా అవుతాయి. ఢిల్లీ వంటి దూర ప్రాంతాలకైతే ఒక రోజు మిగులుతుంది.

భోగాపురంతో దగ్గర

భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. సీతంపేట నుంచి విశాఖ వెళ్లే జాతీయ రహదారి మార్గంలోనే ఇది ఉంది. అక్కడి నుంచి విమానం ఎక్కితే రోడ్డు దూరం సుమారు 50 కిలోమీటర్లు, సమయం గంట వరకు తగ్గుతుంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట మండలానికి ఇది ఊరటే.

బయలుదేరే ముందు

విమాన వేళలు తరచూ మారుతుంటాయి. నేరుగా వెళ్లే సర్వీసు లేని రోజున హైదరాబాద్ మీదుగా చూపే టికెట్ కొంటే రైలు కంటే ఆలస్యం కావచ్చు. టికెట్‌పై విమానాశ్రయం పేరును తప్పక సరిచూసుకోవాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి.