జెండా చీలింది, టిక్కీ బరువు తగ్గలేదు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే మనిషిని హమాలీ అంటాం. అరబ్బీలో హమ్మాల్ అంటే బరువు మోసేవాడు. ఆ లఫ్జ్ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, కులం మజహబ్ చూడకుండా బస్తా కింద భుజం పెట్టిన ప్రతివాడికీ పేరైపోయింది. పోలండ్ తారీఖ్ చదివినప్పుడల్లా నాకు మన హమాలీలే యాదికొస్తారు. అక్కడ కమ్యూనిస్టు హుకూమత్‌ని కదిలించిన కథ కూడా బరువులెత్తే మనిషి దగ్గరే మొదలైంది.

1980 ఆగస్టులో గ్డాన్స్క్ ఓడల కార్ఖానాలో క్రేన్ నడిపే అన్నా వాలెంటినోవిచ్ అనే ఆమెని, రిటైర్మెంటుకి ఐదు నెలల ముందు నౌకరీలోంచి తీసేశారు. మజ్దూర్ల హక్ గురించి మాట్లాడటమే ఆమె చేసిన జుర్మ్. ఆగస్టు 14న తోటివాళ్ళు పని ఆపేశారు. ఎలక్ట్రీషియన్ లెక్ వాలేసా ముందు నిలబడ్డాడు. 31వ తేదీకి సర్కారు దిగొచ్చి, పార్టీ చెప్పుచేతల్లో లేని యూనియన్ పెట్టుకునే హక్ ఒప్పుకుంది. దాని పేరు సాలిడారిటీ. మన జబాన్‌లో ఇత్తెహాద్. ఏడాది తిరిగేసరికి దాదాపు కోటిమంది చేరారు.

మరి అంతకుముందు అక్కడ యూనియన్లు లేవా? ఉన్నాయి. పైనుంచి వచ్చిన ఫర్మానాని కిందికి చేర్చేవి, సెలవుల విడిదికి చీటీలు పంచేవి. కింది మనిషి ఫిర్యాదుని పైకి మోసే ధైర్యం వాటికి లేదు. మజ్దూర్ల రాజ్యం అనుకున్నచోట మజ్దూర్‌కే జబాన్ లేకపోయింది.

1981 డిసెంబర్ 13న సైనిక పాలన పెట్టారు. వేలమందిని జైళ్ళలో వేశారు. వాళ్ళు సబ్ర్‌తో నిలబడ్డారు. చివరికి 1989 ఫిబ్రవరిలో సర్కారే వాళ్ళని చర్చలకు పిలిచింది. జూన్ ఎన్నికల్లో, దిగువ సభలో పోటీకి వదిలిన 161 సీట్లకి 161, సెనేట్‌లో 100కి 99 సాలిడారిటీ గెలిచింది. యూనియన్‌కి సలహాదారుగా ఉన్న మజోవియెత్స్కీ వజీరె ఆజమ్ అయ్యాడు. అంతర్యుద్ధం లేకుండా నిజామ్ మారిపోయింది. ఇది చిన్న కామ్‌యాబీ కాదు.

అసలు ఇమ్తెహాన్ ఆ తర్వాతే వచ్చింది. 1990 జనవరి 1 నుంచి ధరల మీద అదుపు ఎత్తేశారు, కార్ఖానాలకిచ్చే సాయం కోసేశారు. ఏడాది చివరికి 11 లక్షలమంది బేరోజ్‌గార్ అయ్యారు. వాళ్ళ తరఫున గొంతెత్తాల్సిన యూనియన్ నాయకులేమో సర్కారుకి అండగా ఉండి, కాస్త ఓపిక పట్టండి అన్నారు. 1996లో ఆ గ్డాన్స్క్ కార్ఖానాయే దివాలా తీసింది. 1997లో సాలిడారిటీ కూటమి మళ్ళీ గద్దెనెక్కింది, 2001లో ఒక్క సీటు కూడా దక్కలేదు. ఒకప్పటి కోటిమంది సభ్యులు 2010 నాటికి పది లక్షల లోపుకి పడిపోయారు.

రష్యాలోనూ అంతే. 1989లో సబ్బు కూడా దొరకడం లేదని సమ్మె కట్టిన సైబీరియా బొగ్గు గనుల మజ్దూర్లు కొత్త జమానా వస్తే బతుకు మారుతుందనుకున్నారు. 1998లో, నెలల తరబడి రాని జీతాల కోసం గని కార్మికులు రైలు పట్టాల మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఇదంతా ఎక్కడో దూరపు కహానీ కాదు. 1964 జూలైలో కమ్యూనిస్టు పార్టీలోని ఒక వర్గం విడిగా సమావేశమైంది మన తెనాలిలోనే. ఆ ఏడాది చివర్లో కలకత్తా మహాసభతో పార్టీ రెండయింది. 1970లో యూనియన్ కూడా రెండయింది, ఏఐటీయూసీ నుంచి విడిపోయి సీఐటీయూ పుట్టింది. ఆ తగాదా మీద మాస్కో, పెకింగ్ నీడ ఉంది. హమాలీ మోసే టిక్కీ బరువు మాత్రం ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఒకే కాటా దగ్గర నిలబడే భాయీలు రెండు జెండాల కింద వేరయ్యారు.

1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఆ దెబ్బ మన ప్రకాశం, గుంటూరు పొగాకుకీ తగిలింది, వాళ్ళు పెద్ద ఖరీదుదార్లు కాబట్టి. 'సోవియట్ భూమి' కాగితాలతో నోటుపుస్తకాలకి అట్టలేసుకున్న తరం మాది. ఉసూల్ ఓడిందా గెలిచిందా అని అప్పట్లో మనవాళ్ళు చాలా బహస్ చేశారు. అక్కడి మజ్దూర్ హాల్ ఏంటని అడిగినవాళ్ళు తక్కువ.

నా నజర్‌లో యూనియన్ చందా అంటే అమానత్. కడుపు కట్టుకుని ఇచ్చిన ఆ పైసలకి జవాబు చెప్పాల్సింది ఇచ్చినవాడికే గానీ పార్టీకో, సర్కారుకో కాదు. మన మనుషులే హుకూమత్‌లో కూర్చున్నా, వాళ్ళ ముందుకెళ్ళి కూలి అడగగలగాలి. పార్టీ మజ్దూర్‌కి దోస్తుగా ఉండొచ్చు, మాలిక్ కాకూడదు. ఎండాకాలంలో ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఘాటుకి దగ్గుతూ మిరపకాయల తొడిమలు తీసే మన అమ్మీజాన్లు, అక్కలు చాలామంది ఇప్పటికీ ఏ యూనియన్ లెక్కలోనూ లేరు. రెండు జెండాలవాళ్ళూ ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు ఏ పార్టీకి ఓటేస్తారని కాదు, కిలోకి ఎంత ఇస్తున్నారని అడగాలి.