కొరింథు

కొరింథు దక్షిణ గ్రీసులోని ప్రాచీన నగరం. గ్రీకు ప్రధాన భూభాగాన్ని పెలొపొనీసు ద్వీపకల్పంతో కలిపే సన్నని భూసంధికి నైరుతి దిక్కున ఉంది. ఊరికి ఉత్తరాన కొరింథు సింధుశాఖ మీద లేఖయోను, తూర్పున సరోనిక్ సింధుశాఖ మీద కెంక్రేయ దాని రేవులు. దక్షిణాన 575 మీటర్ల ఎత్తున అక్రోకొరింథు కొండకోట నిలిచి ఉంది. ఇటలీకీ ఆసియాకూ మధ్య సాగే సరుకులో పెద్ద భాగం ఈ రెండు రేవుల మీదుగా నడిచేది. నగరానికి సంపద, శత్రువులు, రకరకాల జనం, చివరకు క్రైస్తవ బోధకులు కూడా ఆ దారినే వచ్చారు.

గ్రీకు నగరం

క్రీ.పూ. 8వ శతాబ్దంలో కొరింథు వాసులు కొర్సిరా, సిసిలీలోని సిరక్యూస్ వలసలను స్థాపించారు. వారి చిత్రిత మృత్పాత్రలు మధ్యధరా తీరమంతటా అమ్ముడయ్యేవి. క్రీ.పూ. 7వ శతాబ్దం మధ్యలో కిప్సెలోసు కులీనుల పాలనను కూలదోసి అధికారం చేపట్టాడు. అతని కొడుకు పెరియాండ్రోసు కాలంలో భూసంధికి అడ్డంగా దియోల్కోసు అనే రాతి బాట పడిందని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు. దాని మీద సరుకులను, చిన్న ఓడలను ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి ఈడ్చేవారు. పెలొపొనీసు దక్షిణ కొసన గాలులు ప్రమాదకరం కనుక నావికులు ఆ చుట్టుతిరుగుడును వీలైనంతవరకు తప్పించుకునేవారు.

క్రీ.పూ. 6వ శతాబ్దం ఆరంభం నుంచి సమీపంలోని ఇస్త్మియాలో సముద్రదేవుడు పొసైదోను పేరిట రెండేళ్లకోసారి క్రీడోత్సవాలు జరిగేవి. అదే శతాబ్దం మధ్యలో కట్టిన అపొల్లో ఆలయపు ఏకశిలా స్తంభాలు ఏడు నేటికీ నిలబడి ఉన్నాయి. క్రీ.పూ. 337లో మాసిదోనియ రాజు రెండవ ఫిలిప్పు గ్రీకు రాజ్యాల కూటమిని ఇక్కడే ఏర్పరిచాడు.

విధ్వంసం, పునర్నిర్మాణం

గ్రీకు నగరాల అకయ కూటమి రోముతో చేసిన యుద్ధంలో కొరింథు నాశనమైంది. క్రీ.పూ. 146లో రోమా సేనాని లూసియస్ మమ్మియస్ పురుషులను చంపించి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మించి, కళాఖండాలను తరలించాడు. ఆ తరువాత నూరేళ్లపాటు శిథిలాల మధ్య కొద్దిమందే నివసించారు.

క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దీన్ని రోమా వలసగా తిరిగి స్థాపించాడు. కొత్తగా వచ్చినవారిలో అధికులు దాస్య విముక్తులు. తొలి తరాల అధికారిక శాసనాల్లో ఎక్కువ భాగం లాటినులోనే ఉన్నాయి. పుట్టుక గొప్పదనం లేని వీరు వ్యాపారంతో డబ్బు గడించి, సొంత ఖర్చుతో కట్టడాలు కట్టించి శిలల మీద పేరు చెక్కించుకున్నారు. అఫ్రొదీతె ఆలయంలో వెయ్యిమంది దేవదాసీలు ఉండేవారని భూగోళవేత్త స్ట్రాబో రాసింది నాశనానికి ముందున్న నగరం గురించి. దానిని కూడా పలువురు పండితులు నమ్మరు. తరువాత క్రైస్తవ బోధకుడు పౌలు చూసిన ఊరికి ఆ చిత్రాన్ని అంటగట్టడం పొరపాటు.

పౌలు, సంఘం

పౌలు క్రీ.శ. 50 ప్రాంతంలో ఏథెన్సు నుంచి ఇక్కడికి వచ్చాడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము విడిచి పొమ్మనడంతో వచ్చి స్థిరపడిన అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట దిగాడు. ముగ్గురి వృత్తీ డేరాలు కుట్టడమే. అపొస్తలుల కార్యముల ప్రకారం అతడు ఏడాదిన్నర ఇక్కడున్నాడు. సమాజమందిరపు అధికారి క్రిస్పు విశ్వాసి అయ్యాడు. యూదులు పౌలును రోమా అధిపతి గల్లియో న్యాయపీఠం ముందు నిలబెడితే, అది వారి ధర్మశాస్త్ర వివాదమంటూ అతడు విచారణకు నిరాకరించాడు. తత్వవేత్త సెనెకా సోదరుడైన గల్లియో పేరు డెల్ఫీలో దొరికిన క్లౌదియ లేఖా శాసనంలో ఉంది. దాన్నిబట్టి అతని పదవీకాలం 51-52 అని తేలింది. పౌలు జీవిత ఘట్టాలకు తేదీలు కట్టడంలో పండితులకు ఇదే ముఖ్య ఆధారం.

కొన్నేళ్ల తరువాత ఎఫెసు నుంచి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక అక్కడి క్రైస్తవ సంఘంలోని తగవులను వరుసగా ప్రస్తావిస్తుంది: పౌలు, అపొల్లో అనే బోధకుడు, కేఫా (పేతురు) పేర్లతో ముఠాలు, సోదరుల మధ్య కోర్టు వ్యాజ్యాలు, విగ్రహాలకు అర్పించిన మాంసం, ప్రభువు భోజనంలో కలిగినవారు కడుపునిండా తింటుంటే లేనివారు ఆకలితో ఉండడం. హోదా కోసం పోటీపడే వలస నగరపు అలవాట్లు వీటిలో చాలావాటి వెనుక కనిపిస్తాయి. ప్రేమను గురించిన 13వ అధ్యాయం ఈ గొడవల మధ్యలోనే, కృపావరాల విషయంలో హెచ్చుతగ్గుల వాదానికి జవాబుగా వస్తుంది. పరుగుపందెం, వాడిపోయే కిరీటం అనే పోలికలు ఇస్త్మియా క్రీడలు ఎరిగినవారికి కొత్తవి కావు. రోమీయులకు రాసిన పత్రిక కొరింథు నుంచే వెళ్లిందని పండితుల అభిప్రాయం. అందులో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే పేరు ఉంది.

తగవులు అక్కడితో ఆగలేదు. కొరింథు సంఘం తన పెద్దలను తొలగించినందుకు మందలిస్తూ క్రీ.శ. 96 ప్రాంతంలో రోము సంఘం రాసిన లేఖను క్లెమెంతు మొదటి పత్రిక అంటారు. 170 ప్రాంతంలో కొరింథు బిషప్పు దియొనూసియు చెప్పిన ప్రకారం, దాన్ని అక్కడి ఆరాధనలో చదివేవారు.

తరువాతి కాలం

క్రీ.శ. 67లో రోమా చక్రవర్తి నీరో భూసంధిలో కాలువ తవ్వకం ప్రారంభించాడు. అతని మరణంతో అది ఆగిపోయి, చివరకు 1893లో పూర్తయింది. దీని పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు. హెరూలుల, గోతుల దాడులు, భూకంపాలు నగరాన్ని కుంగదీశాయి. 1458లో ఆటోమన్ల వశమైంది. 1858 భూకంపంలో ఊరు కూలిపోగా, సముద్రతీరాన నేటి కొరింథును నిర్మించారు.

పాత నగరంలో 1896 నుంచి ఏథెన్సులోని అమెరికన్ ప్రాచీన విద్యా సంస్థ తవ్వకాలు జరుపుతోంది. న్యాయపీఠం, అంగళ్ల వరుసలు, నీటి బుగ్గల కట్టడాలు బయటపడ్డాయి. రంగస్థలం దగ్గర దొరికిన ఒక శాసనం, ఎరస్తు అనే అధికారి తన పదవికి బదులుగా సొంత డబ్బుతో రాళ్లు పరిపించాడని చెబుతుంది. రోమీయుల పత్రికలోని ఖజానాదారుడు ఎరస్తు ఇతడేనా అన్నదానిపై వాదం తెగలేదు.