లకోటా ఒక చారిత్రక ఆధారం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల తపాలా చరిత్ర

స్థానిక చరిత్ర రచనలో శాసనాలకు, రెవెన్యూ పత్రాలకు, మౌఖిక కథనాలకు లభించిన స్థానం తపాలా సామగ్రికి లభించలేదు. తపాలా బిళ్ళల సేకరణను కాలక్షేపంగా భావించడం ఇందుకు ఒక కారణం. బిళ్ళను లకోటా నుంచి వేరుచేసి ఆల్బమ్‌లో అతికించే అలవాటు రెండో కారణం. విడి బిళ్ళ రాజ్యం పేరును, వెలను మాత్రమే చెబుతుంది. లకోటా మీద మాత్రం పంపిన ఊరు, చేరిన ఊరు, తేదీ, మార్గం, చెల్లించిన రుసుము, చిరునామా రాసిన లిపి కలిసి ఉంటాయి. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆధునిక చరిత్రకు ఈ సమగ్ర ఆధారం ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆస్ట్రేలియా వలసల ఉదాహరణ

ఈ దృష్టికి ఆస్ట్రేలియా వలసల తపాలా మంచి పోలిక. అక్కడ ఒకే దేశం ఏర్పడక ముందు ఆరు వలసలు వేర్వేరుగా బిళ్ళలు ముద్రించుకున్నాయి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా 1850లోనే ప్రారంభించగా వాన్ డీమెన్స్ ల్యాండ్ 1853లో, పశ్చిమ ఆస్ట్రేలియా 1854లో, దక్షిణ ఆస్ట్రేలియా 1855లో, క్వీన్స్‌లాండ్ 1860లో వాటిని అనుసరించాయి. 1901లో సమాఖ్య ఏర్పడినా, కంగారూ బొమ్మతో దేశమంతటికీ ఉమ్మడి బిళ్ళ వెలువడింది 1913లో. అంటే రాజకీయ ఏకీకరణకూ తపాలా ఏకీకరణకూ మధ్య పన్నెండేళ్ళ వ్యవధి ఉంది. తొలినాటి లకోటాలను సేకరించి, చిన్న ఊళ్ళ ముద్రలను సైతం వర్గీకరించిన అక్కడి సేకర్తల కృషి వల్ల తపాలా చరిత్ర వలస పాలన అధ్యయనంలో భాగమైంది. హైదరాబాదు రాజ్యం బ్రిటిష్ వలస కాదు, సంస్థానం. అయినా సొంత బిళ్ళలు, సొంత తపాలా పరిధి, తరువాతి విలీనం అనే మూడు అంశాలలో ఈ పోలిక నిలుస్తుంది.

నిజాం తపాలా: లిపి, పరిధి

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో హైదరాబాదు రాజ్యం తొలి బిళ్ళను వెలువరించింది. 1871లో వచ్చిన బిళ్ళలపై వెల నాలుగు లిపులలో కనిపిస్తుంది. వాటిలో తెలుగు ఒకటి. ఈ నమూనా దాదాపు నాలుగు దశాబ్దాలు కొనసాగింది. పాలనలో మొదట పారశీకానికీ, తరువాత ఉర్దూకూ ప్రాధాన్యం ఉన్న రాజ్యంలో, ప్రభుత్వ ముద్రణలో తెలుగు అక్షరం అంత చిన్న చోట అంత విస్తృతంగా ప్రచారం కావడం గమనించదగినది. చార్మినార్, ఉస్మాన్‌సాగర్, అజంతా, దౌలతాబాద్ వంటి దృశ్యాలతో చిత్రాల బిళ్ళలు 1931లో వచ్చాయి. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం మాత్రం 1947లో గాని బిళ్ళ మీదికి రాలేదు. తెలుగు లిపికీ తెలుగు నేల స్మారకానికీ మధ్య డెబ్బై ఆరేళ్ళు గడిచాయి.

నిజాం బిళ్ళలు రాజ్యం లోపలి ఉత్తరాలకే చెల్లేవి. సరిహద్దు దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ అవసరమయ్యేది. కనుక ఒక ఊరి లకోటాలపై ఏ బిళ్ళలు ఎంత తరచుగా కనిపిస్తాయన్నది ఆ ఊరికి బయటి ప్రపంచంతో ఉన్న సంబంధాలకు సూచిక. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఇందుకు తగిన క్షేత్రం. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ ఇక్కడ పనిచేసింది, 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. తమిళ ప్రాంతంతో, విదేశాలతో నడిచే మిషన్ ఉత్తరాలను, చుట్టుపక్కల తాలూకా కచేరీల నుంచి వెళ్ళే ‘సర్కారీ’ ముద్ర గల ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే ప్రాంతంలో నడిచిన రెండు భిన్న ప్రపంచాలు తెలుస్తాయి.

రైలు మార్గం, అడవి మార్గం

నిజాం రైల్వే 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. జనగామ, మహబూబాబాద్ ఈ మార్గంలోని స్టేషన్లు. భూపాలపల్లి ప్రాంతం అడవుల మధ్య, రైలుకు దూరంగా ఉండిపోయింది. ఒకే జిల్లా నుంచి విడివడిన ఇరుగుపొరుగులుగా నేడు కనిపించే ఈ ప్రాంతాలకు వార్త చేరిన వేగం ఒకటి కాదు. పంపిన ముద్రకూ చేరిన ముద్రకూ మధ్య రోజులను లెక్కిస్తే ఆ తేడాను ఊహతో కాక కొలతతో చెప్పవచ్చు. తేదీ ఫసలీలో ఉన్నచోట నెలను బట్టి 590 లేదా 591 కలిపి క్రీస్తు శకంలోకి మార్చుకోవాలి. హిజ్రీకి ఈ లెక్క వర్తించదు.

జిల్లా పేర్ల చిక్కు

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో, మహబూబాబాద్ వరంగల్ జిల్లాలో ఉండేవి. నేటి భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపూర్, కాళేశ్వరం ప్రాంతం కరీంనగర్ జిల్లాకు చెందినది. పైగా మహబూబాబాద్‌కు ప్రజల వాడుకలో మానుకోట అనే పేరుంది. నేటి జిల్లా పేరుతో మాత్రమే వెతికే పరిశోధకునికి పాత లకోటాలు దొరకవు. అందుచేత సూచికలో ముద్రలోని పేరు, చిరునామాలోని పేరు, నేటి పేరు అనే మూడింటినీ నమోదు చేయాలి. చిరునామాలో ఒక పేరు, ముద్రలో మరొకటి ఉన్నప్పుడు ఆ భేదమే ప్రజల వాడుకకూ ప్రభుత్వ వ్యవహారానికీ మధ్య దూరాన్ని చూపుతుంది.

సంధికాలం: 1948–1950

ఈ ఆధారం అత్యంత విలువైనదయ్యే ఘట్టం 1948 సెప్టెంబరు 17 తరువాతిది. సైనిక చర్యతో నిజాం పాలన ముగిసినా, నిజాం బిళ్ళలు వెంటనే అదృశ్యం కాలేదు. హైదరాబాదు తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసింది. ఆస్ట్రేలియాలో పన్నెండేళ్ళు పట్టిన మార్పు ఇక్కడ ఏడాదిన్నరలో ముగిసింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో తీవ్రరూపం దాల్చిన రైతాంగ పోరాటం 1951 దాకా కొనసాగింది. జనగామ, మానుకోట ప్రాంతాలు దానిలో భాగం. కాబట్టి ఈ ఏడాదిన్నర కాలపు లకోటా ఒకేసారి రెండు విషయాలకు సాక్ష్యం: పాత రాజ్యపు చిహ్నం, కొత్త ప్రభుత్వపు అధికారం. ఆ బిళ్ళను చూసి ఉత్తరాన్ని నిజాం పాలనాకాలానిదిగా నిర్ణయిస్తే పొరపాటు. తేదీ ముద్ర ఉన్న లకోటా మాత్రమే ఆ పొరపాటును నివారించగలదు.

పరిమితులు, కర్తవ్యం

లకోటా సర్వసమగ్ర సాక్ష్యం కాదు. ఉత్తరం రాయగలిగినవారు, రాయించుకోగలిగినవారు కొందరే. వర్తకులు, వకీళ్ళు, అధికారులు, మిషనరీల స్వరం అందులో ఎక్కువగా వినిపిస్తుంది. కూలీలు, గిరిజనుల స్వరం తక్కువ. దీనిని మౌఖిక చరిత్రతో కలిపి చదవాలి. బజారులో దొరికే లకోటాలలో నకిలీలు ఉండవచ్చు గనుక అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో నమోదు కావాలి.

పాత ఇళ్ళు కూల్చేటప్పుడు దస్తావేజులతోపాటు ఉత్తరాల కట్టలూ బయటపడతాయి. వాటిలోని బిళ్ళలను నీటిలో నానబెట్టి ఊడదీస్తే ఊరి పేరు, తేదీ, దారి ఒకేసారి పోతాయి. ఆ కట్టలను విడదీయకుండా భద్రపరచడం, రెండు వైపులా ఛాయాచిత్రాలు తీయడం, లోపలి ఉత్తరాన్ని లకోటాతోనే ఉంచడం ఖర్చుతో కూడిన పనులు కావు. కళాశాలల చరిత్ర శాఖలు తమ పరిసర గ్రామాలలో ఈ పని చేపడితే, ఈ మూడు జిల్లాల ఆధునిక చరిత్రకు తేదీలతో కూడిన ఒక కొత్త ఆధార సంపుటి సమకూరుతుంది.