నమూనా సంతకం

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్ఫై ఏళ్లుగా అంకెల మధ్య బతుకుతున్నవాణ్ణి. అయినా ఒక జబ్బు చరిత్రను ఈ పుటల్లో చెప్పడానికి సాహసిస్తున్నానంటే, అందులో నాకు మా లెడ్జరు కనిపించడమే కారణం.

2003 వానాకాలం. మా రెండేళ్ల బాబు నిర్ణాలో మా అమ్మ దగ్గర ఉన్నాడు. జహీరాబాదు బస్సులో వచ్చే తెలుగు పత్రికల్లో రోజూ ఒకటే వార్త. తెలంగాణ పల్లెల్లో అంతుబట్టని జ్వరంతో పిల్లలు చనిపోతున్నారు. 1956లో మన బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిందన్న మాటేగాని, మన చుట్టరికాలూ సంతలూ అటువైపువే. జ్వరానికి మాత్రం సరిహద్దు ఏం తెలుసు? ఆదివారం ఊరికి పరుగెత్తాను. బాబు ఆడుకుంటున్నాడు. అమ్మ గోడల బీటల్లో మట్టి మెత్తుతోంది. "ఏటా చేసేదే గద బిడ్డా, పురుగూ పుట్రా చేరకుండ" అంది. ఆ పని విలువ నాకప్పుడు తెలియలేదు.

ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, మూర్ఛలు, ఆపైన స్పృహ తప్పడం. ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనో, రెండు రోజుల్లోనో ప్రాణం పోయేది. ఇది జపనీస్ మెదడువాపు కావచ్చునన్న అనుమానం సహజంగానే వచ్చింది. కాని పుణెలోని జాతీయ వైరస్ అధ్యయన సంస్థకు చేరిన నమూనాల్లో బయటపడింది వేరొకటి. దాని పేరు చాందీపురా.

ఆ పేరు నాగపూరు దగ్గరి ఒక పల్లెది. 1965లో అక్కడ జ్వరాలు ప్రబలినప్పుడు ఇద్దరు రోగుల రక్తంలో ఒక కొత్త వైరస్‌ను భట్, రోడ్రిగ్స్ అనే పుణె శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. కుక్కకాటు జబ్బు కలిగించే వైరస్ కుటుంబానికే చెందినది ఇది. తర్వాత ఇసుక ఈగల్లోనూ దొరికింది. దోమకన్నా చిన్నవైన ఆ ఈగలు దాగేది గోడల బీటల్లోనే! అయితే అప్పట్లో అది పెద్ద ఉపద్రవమేమీ తేలేదు గనుక లోకం దాన్ని పట్టించుకోలేదు.

మా బ్యాంకులో డార్మెంట్ ఖాతాలుంటాయి. ఏళ్లతరబడి జమా ఉండదు, ఖర్చూ ఉండదు. అయినా నమూనా సంతకం కార్డును పారేయం. ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి సంతకం పెడితే పోల్చి చూడటానికి అదే ఆధారం. 38 ఏళ్ల తర్వాత పుణెలో జరిగింది సరిగ్గా అదే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆకారం చూశారు, పాత వైరస్‌తో పోల్చే పరీక్షలు చేశారు. సంతకం కలిసింది. ఆనాటి కార్డే లేకుంటే ఆ జ్వరం మరికొంతకాలం పేరులేని జ్వరంగానే మిగిలేది.

పేరు తెలిసినంత మాత్రాన పోయిన పిల్లలు తిరిగి రాలేదు. 2004లో లాన్సెట్ పత్రికలో బి.ఎల్. రావు ప్రభృతులు ప్రకటించిన వ్యాసం ప్రకారం 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బు పడగా 183 మంది మరణించారు. నూటికి 55 మందికి పైగా! లెక్కలు చూసే నాకు ఈ లెక్క దగ్గర కలం ఆగిపోతుంది. 2004 చివర్లో దేశంలో సమగ్ర వ్యాధి నిఘా పథకం మొదలై, పల్లెల నుంచి జబ్బుల లెక్కలు వారం వారం పైకి చేరే ఏర్పాటు జరిగింది. జబ్బుల డే బుక్కు అన్నమాట. తర్వాత వరంగల్లు ఆసుపత్రిలో జరిగిన అధ్యయనం, ఉత్తర తెలంగాణలో పిల్లల మెదడువాపుకు చాందీపురా ఒక ముఖ్య కారణమని తేల్చింది.

ఖాతా ఇంకా మూతపడలేదు. 2024 వానాకాలంలో, ఎక్కువగా గుజరాత్‌లో, 245 మెదడువాపు కేసుల్లో 82 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 64 కేసులు చాందీపురావేనని రుజువైంది. దీనికి టీకా ఇంకా రాలేదు, ప్రత్యేకించి మందూ లేదు. ఉన్నదల్లా సకాలంలో అందే చికిత్స, ఈగల నివారణ.

మన ప్రాంతంలో ఆరోగ్యశాఖ ప్రకటనలు కన్నడంలో వస్తాయి. మన ఇళ్లలోని ముసలివాళ్లలో చాలామందికి చదువే రాదు. కనుక చదివినవాళ్లం మన మాటల్లో చెప్పవలసింది ఒకటుంది. వానాకాలంలో పసిపిల్లకు జ్వరంతోపాటు మూర్ఛగాని, మగతగాని వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గోడల బీటల సంగతి మాత్రం మా అమ్మలాంటి వాళ్లకు మనం చెప్పనక్కరలేదు. వాళ్ల దగ్గరే మనం నేర్చుకోవాలి.